నిండు బండి కంటే ఖాళీ బండితోనే భయం

ధనుర్మాసం వచ్చిందంటే మన పడమటి మండలాల్లో తెల్లవారుజామున రోడ్డు కనిపించదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం దాకా ఎటు చూసినా మంచే. గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తుంది గానీ గుడి కనిపించదు. సరిగ్గా ఆ వేళకే మన టమోటా, బీన్స్, క్యాబేజీ, పాల క్యాన్లు రోడ్డెక్కుతాయి. అందరికీ తొందరే. ముందు పోయిన సరుకుకు ముందు పాట, ఆలస్యమైతే రేటు పడిపోతుందని భయం.

ఒకప్పుడు ఎద్దుల బండి కట్టుకుని సంతకు పోయేవాళ్లం. ఎద్దుకు దారి తెలుసు. రైతు బండిలో నిద్రపోయినా ఇంటి ముందు తెచ్చి నిలబెట్టేది. ఇప్పుడు ఊరికి రెండు మూడు పికప్ బండ్లు వచ్చాయి. బొలెరో అయితేనేమి, టాటా ఏస్ అయితేనేమి, నలుగురైదుగురు రైతులు కలిసి బాడుగకు మాట్లాడుకుంటే సరుకు గంటలో మార్కెట్‌లో ఉంటుంది. చిన్న రైతుకు ఇవి మేలు చేశాయి, కాదనలేం. కానీ పికప్‌కు ఎద్దు తెలివి లేదు. నడిపేవాడికి ఉండాలి. బాడుగకు పిలిచే మనకూ కొంత ఉండాలి.

ఈ వారం ఆ తెలివి గురించే రాస్తున్నాను. లోడుతో పోయేటప్పుడు అందరం జాగ్రత్తగానే ఉంటాం. చలికాలంలో అసలు ప్రమాదం సరుకు దించేశాక, ఖాళీ బండితో ఇంటికి తిరిగొచ్చేటప్పుడు పొంచి ఉంటుంది. ఆ సంగతి మనం పట్టించుకోవడం లేదు. నేను కూడా కళ్లారా చూసేదాకా పట్టించుకోలేదు.

చెరువుకట్ట మీద ఏం జరిగింది

కొన్నేళ్ల కిందట ఒక జనవరి నెలలో టమోటా రేట్ల వార్త కోసం మదనపల్లె మార్కెట్‌కు పోయాను. తిరుగు ప్రయాణంలో తెలిసిన రైతులు వచ్చిన పికప్‌లోనే ఎక్కాను. నేను, ఒక పెద్దాయన డ్రైవర్ పక్కన కూర్చున్నాం. ముగ్గురు కుర్రాళ్లు వెనక తొట్టిలో ఖాళీ క్రేట్ల మీద కూర్చున్నారు. టైము ఏడున్నర దాటింది. ఎండ వస్తున్నట్టే ఉంది గానీ చెరువుల దగ్గర మంచు ఇంకా విడవలేదు.

డ్రైవర్‌కు ఇంకో ట్రిప్పు ఉంది. వెనక కుర్రాళ్లలో ఒకతనికి ఇంటి దగ్గర పాలు పితికే పని ఉంది. "బిన్నా పోదాం పదన్నా, ఇప్పుడు లోడేమీ లేదు కదా" అని అతనే రెండుసార్లు క్యాబిన్ మీద తట్టాడు. డ్రైవర్ కూడా "లోడు లేకుంటే బండి పువ్వు మాదిరి ఉంటాది సార్" అని నవ్వాడు.

ఒక చెరువుకట్ట మలుపులో రోడ్డు మీద ఎవరో రాగి కోత పరిచి ఉన్నారు. రాత్రంతా మంచు పడి అది తడిసి ఉంది. మంచులో దగ్గరికి పోయేదాకా కనిపించలేదు. డ్రైవర్ ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలు పట్టుకున్నాయి. బండి వెనక భాగం మాత్రం మా పక్కనుంచి ముందుకు రావాలని చూసినట్టు తిరిగింది. కన్ను మూసి తెరిచేలోపు మేం వచ్చిన దారి వైపే ముఖం పెట్టి నిలబడి ఉన్నాం. కట్టకు ఒక చింతచెట్టు ఉండబట్టి బండి చెరువులో పడలేదు.

క్యాబిన్‌లో ఉన్న ముగ్గురికీ దెబ్బల్లేవు. వెనక కూర్చున్న ఇద్దరు తొట్టి అంచు పట్టుకుని బతికారు. "బిన్నా పోదాం" అన్న కుర్రాడు క్రేట్లతో పాటు రోడ్డు మీద పడ్డాడు. భుజం ఎముక విరిగింది. రెండు ఎకరాల సేద్యం అతనిది. ఆ చేత్తో ఈ రోజుకీ నిండు క్రేటు ఎత్తలేడు. కోతకు, మోతకు కూలీని పెట్టుకోవాల్సిందే. ఆ రోజు అతను మిగుల్చుకోవాలనుకున్నది అరగంట.

అందరూ డ్రైవర్‌ను తిట్టారు. రాగులు పరిచిన రైతును తిట్టారు. నాకు మాత్రం ఆ బండి అలా ఎందుకు తిరిగిందో తెలుసుకోవాలనిపించింది. మెకానిక్‌లను, పాతికేళ్లు లారీ తోలిన డ్రైవర్లను అడిగాను. వాళ్లు చెప్పింది విన్నాక మన తప్పు ఎక్కడుందో తెలిసింది.

నిండు కుండ తొణకదు

పికప్ బండి తయారీలోనే ఒక సంగతి ఉంది. ఇంజను బరువు, క్యాబిన్ బరువు, మనుషుల బరువు చాలావరకు ముందు వైపే. వెనక ఉండేది ఖాళీ తొట్టి. కానీ బండిని తోసేవి వెనక చక్రాలు. ఇంజను నుంచి పొడవాటి షాఫ్టు కింది నుంచి పోయి వెనక చక్రాలను తిప్పుతుంది. లోడు వెనక పడుతుంది కాబట్టి అలా చేశారు. లోడు ఉన్నప్పుడు వెనక చక్రాలు రోడ్డును గట్టిగా అదిమి పట్టుకుంటాయి. బండి మాట వింటుంది.

లోడు దించేశాక ఆ చక్రాల మీద బరువు లేదు. వెనక కమాన్ కట్టలు కూడా నిండు లోడు మోయడానికి చేసినవి. ఖాళీగా ఉంటే అవి వంగవు. గుంత వచ్చినప్పుడు చక్రం ఎగురుతుంది. ఎగిరినంతసేపు దానికి రోడ్డు మీద పట్టు లేనట్టే. నిండు కుండ తొణకదంటారు పెద్దలు. బండి విషయంలో అది అక్షరాలా నిజం.

ఇప్పుడు బ్రేకు సంగతి చూద్దాం. ఏ బండికైనా బ్రేకు తొక్కితే బరువు ముందుకు వాలుతుంది. బస్సులో బ్రేకు వేస్తే మనం ముందుకు తూలడం లేదా, అలాగే. అసలే బరువు లేని వెనక భాగం అప్పుడు ఇంకా తేలిక అవుతుంది. రోడ్డు తడిగా ఉంటే వెనక చక్రాలు తిరగడం ఆగిపోయి జారుతాయి. జారే చక్రానికి ఎటు పొమ్మంటే అటు పోతుంది. ముందు చక్రాలు ఆగాలని చూస్తుంటే వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది. బండి గిర్రున తిరిగేది అందుకే.

చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ అనే ఏర్పాటు కొత్త బండ్లలో వస్తోంది. మన ఊళ్లలో తిరిగే పాత బండ్లలో చాలావాటికి అది లేదు. ఉన్నా అది తడి గడ్డిని పొడి రోడ్డు చేయదు.

బ్రేకు ఒక్కటే కాదు. ఖాళీ బండిలో పై గేరు నుంచి ఒక్కసారిగా కింది గేరుకు మార్చి క్లచ్ టక్కున వదిలినా ఇదే జరుగుతుంది. ఇంజను వెనక చక్రాలను పట్టి లాగుతుంది, అవి జారుతాయి. తడి మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా అంతే. హ్యాండ్ బ్రేకు పని చేసేది వెనక చక్రాల మీదే. పోయే బండిలో దాన్ని లాగడమంటే చేతులారా బండిని తిప్పుకోవడమే.

మన రోడ్డే మన కళ్లం

నిజాయితీగా ఒక మాట ఒప్పుకుందాం. రోడ్డు జారుడు కావడంలో సగం చేయి మనదే. డిసెంబరు, జనవరిలో ఉలవ కోత, రాగి కోత. కళ్లాలు పోయాయి. ఉన్నచోట ఇళ్లు లేచాయి. నూర్పిడికి తారు రోడ్డే దిక్కయింది. బండ్లు తొక్కితే గింజ రాలుతుంది, కూలి ఖర్చు మిగులుతుంది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం పూట తిన్నని రోడ్డు మీద పరిస్తే ఇబ్బంది తక్కువ. కానీ సాయంత్రం ఎత్తకుండా వదిలేస్తే రాత్రి మంచుకు ఆ కంప తడిసి నాచు పట్టిన బండ మాదిరి అవుతుంది. రాలిన గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి. పైగా ఎండిన కంప షాఫ్టుకు చుట్టుకుని వేడెక్కిందంటే బండి కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

రెండోది ట్రాక్టరు చక్రాల మట్టి. ఈశాన్య రుతుపవనాలు మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలిస్తాయి. పొలంలోంచి ట్రాక్టరు రోడ్డెక్కితే పెళ్లలు పెళ్లలుగా బంకమట్టి రాలుతుంది. ఎండలో అది దుమ్ము. మంచు పడితే సబ్బు. పొలం గట్టు దగ్గర ఒక పార పెట్టుకుని, రోడ్డెక్కే ముందు చక్రాలకు పట్టిన మట్టి గీకితే పది నిమిషాల పని.

మూడోది చీకట్లో నిలిపే ట్రాక్టర్లు, ట్రాలీలు. వెనక లైటు ఉండదు, ఎర్ర స్టిక్కరు ఉండదు. వెనక నుంచి వచ్చేవాడికి అది దగ్గరికొచ్చేదాకా నల్లటి గోడే. వెలుగు పడితే మెరిసే ఎర్ర పట్టీ కొనడానికి అయ్యే ఖర్చు ఒక పురుగుమందు డబ్బా కంటే చాలా తక్కువ. ఎద్దుల బండికి, పాల క్యాన్లు పెట్టుకున్న సైకిల్‌కు కూడా అది అంటించుకోవచ్చు.

ఊరికొక ఉమ్మడి కళ్లం కావాలని పంచాయతీలను అడగాల్సింది మనమే. రోడ్డు వేయమని ధర్నా చేసినవాళ్లం, ఆ రోడ్డు రోడ్డుగా ఉండటానికి కళ్లం కావాలని అడగలేమా?

మంచులో ఎంత స్పీడు?

ఆకాశం తేటగా ఉన్న చలి రాత్రుల్లో నేల తన వేడిని తొందరగా వదిలేస్తుంది. నేలను ఆనుకున్న తేమ గాలి చల్లబడి మంచవుతుంది. అందుకే చెరువుకట్ట, వాగు కల్వర్టు, నీళ్లు పెట్టిన మడి దగ్గర మంచు దట్టం. మైలు దూరం రోడ్డు తేటగా ఉండి, ఒక్క వంపు తిరగ్గానే తెల్లటి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. తేటగా ఉన్నచోట పెంచిన స్పీడుతో అందులో దూరితే ఇక దేవుడే దిక్కు.

లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనిపించి, కాలు బ్రేకు మీద పడేసరికి మామూలు మనిషికి సెకనున్నర పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 25 మీటర్లు పోయినట్టు. తడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 35 మీటర్లు. మొత్తం 60 మీటర్లు. అదే 40లో పోతే దాదాపు 33 మీటర్లలో ఆగుతుంది. 30లో పోతే 20 మీటర్ల పైచిలుకు. టైర్లు అరిగి ఉన్నా, రోడ్డు మీద కంప ఉన్నా ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. స్పీడు రెండింతలైతే బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగింతలవుతుంది.

దీన్ని గుర్తు పెట్టుకోవడానికి మీటరు టేపు అక్కర్లేదు. రోడ్డు పక్క కరెంటు స్తంభాలున్నాయి. పల్లెల్లో ఒక స్తంభానికి ఇంకో స్తంభానికి ఎడం సుమారు 50 మీటర్లనుకోండి. తర్వాతి స్తంభం మాత్రమే కనిపిస్తోందంటే మీకు 50 మీటర్ల చూపు ఉంది. ఎదురుగా వచ్చేవాడికీ అంతే చూపు. ఇద్దరూ ఒకే చిన్న రోడ్డు మీద ఉంటే చెరో సగంలో ఆగగలగాలి. అంటే 30 దాటకూడదు. తర్వాతి స్తంభం కూడా కనిపించకపోతే రోడ్డు దిగి, బండి మొత్తం మార్జిన్ దాటాక నిలిపి, ఒక టీ తాగడమే మంచిది. సగం రోడ్డు మీద, సగం మట్టి మీద నిలిపితే మాత్రం నిలపకపోవడమే నయం.

లైటు సంగతి. మంచులో పై లైటు వేస్తే వెలుతురు మంచు బిందువులకు తగిలి తిరిగి మన కళ్లలోనే పడుతుంది. ఎప్పుడూ డిమ్ లైటే వేయాలి. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకుంటూ పోవడం ఇప్పుడు ఫ్యాషనైంది. అలా పోతే ఎటు తిరుగుతున్నామో వెనకవాడికి తెలియదు. అవి నిలిపిన బండికి వాడాల్సినవి. అద్దం లోపల ఆవిరి పడితే కిటికీ నాలుగు వేళ్లు దించండి. చలి వేస్తుంది, నిజమే. కానీ అద్దం తేటపడుతుంది, ఎదుటి బండి హారన్ కూడా వినపడుతుంది.

నడిపే తమ్ముళ్లకు

అనుభవం ఉన్న డ్రైవర్లు నాకు చెప్పినవే ఇక్కడ చెబుతున్నాను.

సరుకు దించాక ఖాళీ క్రేట్లను తొట్టి చివర గుట్టగా విసిరేయవద్దు. తాడు వేసి బిగించండి. తిరుగు ప్రయాణంలో ఎరువు బస్తాలో, తవుడు బస్తాలో, దాణానో తెచ్చుకునేది ఉంటే వాటిని వెనక చక్రాల ఇరుసుకు సరిగ్గా పైన, లేదా కాస్త ముందుకు, కింద పరిచి కట్టండి. తొట్టి చివర వేస్తే ముందు భాగం లేచి స్టీరింగ్ తేలికవుతుంది. మంచు గడ్డలు కురిసే దేశాల్లో పికప్ నడిపేవాళ్లు చలికాలమంతా వెనక ఇరుసు మీద ఇసుక బస్తాలు వేసుకుంటారు. మనకు అంత అవసరం లేదు. ఎలాగూ తెచ్చుకునే రెండు బస్తాలను ఎక్కడ వేయాలో తెలిస్తే చాలు. కట్టని బరువు మాత్రం బరువు లేకపోవడం కంటే ప్రమాదం. బ్రేకు వేస్తే అది క్యాబిన్ మీదికి వస్తుంది.

టైర్ల విషయంలో మన దగ్గర ఒక అలవాటు ఉంది. మంచివి ముందు వేసి, అరిగినవి వెనక్కి తోస్తాం. తడి రోడ్డు మీద ఇది తలకిందుల పని. వెనక పట్టు పోతేనే బండి తిరుగుతుంది. అలాగని నున్నటి టైర్లు ముందుకు తెచ్చుకోమని కాదు. టైరు గాడుల మధ్య చిన్న గట్టు ఉంటుంది. అరుగుదల ఆ గట్టును తాకిందంటే టైరుకు ఆయుష్షు అయిపోయినట్టే. అది ముందుకూ పనికిరాదు, వెనక్కూ పనికిరాదు. గాలి ఎంత ఉండాలో కంపెనీ బండి మీదే రాసి ఉంటుంది. ఎక్కువ లోడు వేస్తాం కదా అని అంతకు మించి కొట్టించకండి. ఖాళీగా వచ్చేటప్పుడు ఆ టైరు బంతిలా ఎగురుతుంది.

వెనక భాగం జారడం మొదలైతే మొదటి పని, బ్రేకు మీద నుంచి కాలు తీయడం. మనసు ఒప్పుకోదు, అయినా తీయాలి. యాక్సిలరేటర్ వదలాలి. క్లచ్ తొక్కితే వెనక చక్రాలు ఇంజను పట్టు విడిచి మళ్లీ తిరగడం మొదలుపెడతాయి. బండి వెనక భాగం ఎటు జారుతోందో స్టీరింగ్ అటే, కాస్త కాస్తగా తిప్పాలి. కళ్లు గుంత మీద పెట్టకుండా పోవాల్సిన రోడ్డు మీద పెట్టాలి. బండి తిన్నగా రాగానే స్టీరింగ్ కూడా తిన్నగా తేవాలి. లేకపోతే రెండో పక్కకు తిరుగుతుంది. ఇదంతా రెండు సెకన్ల పని. స్పీడు 30లో ఉంటేనే ఆ రెండు సెకన్లు దొరుకుతాయి.

ఘాట్ గురించి ఒక మాట. పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు వైపు, అటు నుంచి చెన్నై కోయంబేడు దాకా పోయే కూరగాయల బండ్లు మనకు చాలా ఉన్నాయి. దిగేటప్పుడు డీజిల్ కలిసొస్తుందని కొందరు గేరు తీసి న్యూట్రల్‌లో వదులుతారు. ఇంకొందరు ఇంజనే ఆపేస్తారు. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే, దిగుడులో ఇంజనుకు డీజిల్ దాదాపు అందదు. న్యూట్రల్‌లో అయితే ఇంజను తిరగడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. కలిసొచ్చేది ఏమీ లేదు. ఇంజను ఆపితే బ్రేకుకు ఉండే బలం పోతుంది, పవర్ స్టీరింగ్ ఉంటే అదీ బిగుసుకుంటుంది. దిగుడు మొదలవకముందే కింది గేరు వేసుకుని, బ్రేకును అప్పుడప్పుడు తాకుతూ దిగాలి. అదే పనిగా తొక్కి పట్టుకుంటే బ్రేకులు కాగిపోయి పట్టవు.

తడి పొలంలోంచి లోడు ఎత్తేటప్పుడు వెనక చక్రం దిగబడితే యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ గుంత లోతవుతుంది. దిగి, చక్రం ముందు మట్టి తీసి, గోనె సంచులో, గులకరాళ్లో, ఎండు కంపో వేసి రెండో గేరులో మెల్లగా కదిలించాలి. వెనక నిలబడి తోసేవాళ్లు చక్రానికి ఎదురుగా నిలబడకూడదు. అన్నిటికంటే మేలు, బండిని గట్టు మీదే నిలిపి క్రేట్లు మోసుకురావడం.

బాడుగకు పిలిచే మనకు

ఇక నా అసలు మాట. ఇన్ని జాగ్రత్తలూ డ్రైవర్‌కు చెప్పి మనం చేతులు దులుపుకుంటే సరిపోదు. అతను తొందర పడేది మనకోసం, మన బాడుగ పద్ధతి వల్ల. ట్రిప్పుకు ఇంత, క్రేటుకు ఇంత అని మాట్లాడుకుంటాం. ఎన్ని ట్రిప్పులు కొడితే అతనికి అంత. అర్ధరాత్రి లేచినవాడు తెల్లారేదాకా తోలి, మళ్లీ రెండో ట్రిప్పుకు పరుగెత్తుతాడు. తిరుగు బండిలో అతను పోరాడేది మంచుతో పాటు నిద్రతో కూడా.

ఒక లెక్క వేద్దాం. మీవి 30 క్రేట్లు. మంచు వల్ల గంట ఆలస్యమై క్రేటుకు పది రూపాయలు తగ్గిందనుకోండి. నష్టం 300 రూపాయలు. ఇరవై తగ్గితే 600. చిన్న రైతుకు అది చిన్న సొమ్ము కాదు, నాకు తెలుసు. కానీ ఎముక విరిగితే ఆసుపత్రి ఖర్చు ఎంత, ఆర్నెల్లు కూలీని పెట్టుకుంటే ఎంత, అప్పు తెస్తే వడ్డీ ఎంత? ఆ కుర్రాడి కుటుంబం ఇప్పటికీ ఆ లెక్క కడుతూనే ఉంది. పైగా ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ఆ 300 కూడా పోయేది లేదు. సరుకు అమ్ముడుపోయింది, డబ్బు జేబులో ఉంది. మంచు విడిచేదాకా మార్కెట్‌లోనే ఒక గంట కూర్చుంటే నష్టమేమిటి?

కాబట్టి సంక్రాంతి దాకా బాడుగ మాట్లాడేటప్పుడే ఒక మాట అనుకోండి. మంచు ఉంటే ఆగాలి, ఆగినందుకు డ్రైవర్‌కు ఇంత అదనం అని. నలుగురు రైతులు పంచుకుంటే తలా ఒక టీ, టిఫిన్ ఖర్చు. అలా డబ్బు కట్టినప్పుడే మన జాగ్రత్త నిజమైన జాగ్రత్త. ఊరికే "మెల్లగా పో" అని చెప్పి, లోపల్లోపల గడియారం చూసుకుంటే అతనికి అర్థం కాదా?

రెండోది వెనక తొట్టిలో ఎక్కడం. సరుకు రవాణా బండికి ఇన్సూరెన్స్ ఎవరికి వర్తిస్తుందో చాలామందికి తెలియదు. 1994లో మోటారు వాహనాల చట్టానికి సవరణ వచ్చి, సరుకు యజమానికి, లేదా అతని తరఫున వచ్చేవాడికి రక్షణ దొరికింది. అంతకు మించి గూడ్సు బండిలో ఎక్కిన ఇతరులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. సరుకు యజమాని అయినా క్యాబిన్‌లో ప్రయాణించాలని, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2007లో చెప్పింది. అంటే మన సరుకు మీదే మనం ఎక్కి కూర్చున్నా రక్షణ లేనట్టే. సరుకు అమ్మేశాక ఖాళీ బండి తొట్టిలో కూర్చున్నవాడు సరుకు యజమానినని వాదించుకోవడం ఇంకా కష్టం. బస్సు ఛార్జీ మిగులుతుందని ఎక్కుతాం. పోతే చెయ్యో, కాలో, ప్రాణమో పోతుంది. ఇంటివాళ్లు కోర్టు చుట్టూ తిరగాలి.

ఇద్దరు క్యాబిన్‌లో పోయి నలుగురి సరుకు అమ్ముకు రావచ్చు. ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంటే వంతులు వేసుకోవచ్చు. తూకం చీటీ, పాట చీటీ ఉంటాయి కదా. మిగతావాళ్లు హాయిగా ఇంట్లో నిద్రపోవచ్చు.

మార్కెట్లు ఒక మెట్టు దిగాలి

మార్కెట్ కమిటీలకు, మండీల యజమానులకు కూడా ఒక విన్నపం. డిసెంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా, నెల రోజులు, వేలం ఒక గంట వెనక్కి జరపండి. అందరికీ ఒకే గంట వెనక్కి జరిగితే ఎవరి రేటూ తగ్గదు. మంచులో ఆగి వచ్చిన బండిని వరుసలో చివరికి తోయవద్దు. సరుకు దించాక డ్రైవర్లు, రైతులు ఒక గంట నడుము వాల్చడానికి ఒక షెడ్డు, ఒక బల్ల ఉంచండి. కొనుగోలుదారుల లారీలు దూరం పోవాలి, ఆలస్యం కుదరదంటారేమో. ఆ లారీలు కూడా అదే మంచులో పోవాలి కదా.

దీనికి కొందరు రైతులే ఒప్పుకోరని నాకు తెలుసు. "టమోటా ఆగుతుందా, నువ్వు కాగితం మీద రాస్తావు, మేం చెట్టు మీద నుంచి కోస్తాం" అని ఒక పెద్దమనిషి నా ముఖం మీదే అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. పోయేటప్పుడు ఆగమంటే కష్టమే. అందుకే నేను ముందుగా అడిగేది తిరుగు ప్రయాణం గురించి. అక్కడ ఆగడానికి టమోటా అడ్డం చెప్పదు. అడ్డం చెప్పేది మన అలవాటే.

చింతచెట్టు ఇంకా ఆ కట్ట మీదే ఉంది. బొలెరో బంపరు గీసుకున్న మచ్చ దాని మొదట్లో కనిపిస్తుంది. ఆ దారిన పోయేటప్పుడు మా డ్రైవర్ తమ్ముడు ఇప్పుడు గేరు తగ్గించి, కిటికీ దించి, మెల్లగా దాటుతాడు. వెనక తొట్టిలో ఎవరినీ ఎక్కించుకోడు. "లోడుంటే నేను బండిని తోలతా సార్, లోడు లేకుంటే బండి నన్ను తోలతాది" అన్నాడు మొన్న. ఆ మాట ఈ సంక్రాంతికి మన ఊరి ప్రతి పికప్ క్యాబిన్‌లో రాసి పెట్టుకుంటే బాగుంటుంది.